పాడైనా అడగం అని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి

అనంతపురం జిల్లా పాఠశాల విద్యాశాఖ అధికారులకు, మండల విద్యాశాఖాధికారులకు, సమగ్ర శిక్ష విభాగం వారికి,

నమస్కారం.

నాది మోటార్ వైండింగ్ పని, అంటే కాలిన మోటార్లకు మళ్లీ తీగ చుట్టడం. మా పాప ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి చదువుతోంది. బడి కమిటీలో నేనూ ఒక సభ్యుణ్ని. ప్రహరీలు, బెంచీలు, మరుగుదొడ్ల గురించి మీకు అర్జీలు వస్తూనే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. ఒకటి నుంచి ఐదు దాకా చదివే పిల్లలకు సైన్సు, టెక్నాలజీ, చేతిపనులు ఏ రూపంలో అందుతున్నాయో, ఎట్లా అందితే బాగుంటుందో రాస్తాను. అడిగేది చిన్నదే. కొత్త పథకం అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు. పిల్లలు వాడి పాడుచేసిన చేతిపని సామాన్లకు టీచర్లను లెక్క అడగం అని ఒక పేజీ సర్క్యులర్ చాలు.

ముందుగా మన పథకాల మధ్య ఉన్న ఒక ఖాళీ చూడండి. అటల్ టింకరింగ్ ల్యాబులు 2016లో మొదలయ్యాయి. ఎంపికైన బడికి 20 లక్షల దాకా గ్రాంటు, త్రీడీ ప్రింటర్లు, సెన్సర్లు, రోబోటిక్స్ సామాన్లు. అవన్నీ ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలకు. ఇన్‌స్పైర్ మానక్ కింద మంచి ఆలోచన పంపిన పిల్లలకు నమూనా చేసుకోను 10,000 రూపాయలు ఇస్తారు. అదీ ఆరో తరగతి నుంచే. పుస్తకాల సంచి లేకుండా పది రోజులు వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, కళాకారుల దగ్గర పని నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. అది ఆరు నుంచి ఎనిమిది వాళ్లకు. ఇక చిన్నపిల్లల కోసం కేంద్రం 2023 ఫిబ్రవరిలో జాదూయీ పిటారా అని ఆటవస్తువుల పెట్టె తెచ్చింది. అది మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, అంటే రెండో తరగతితో సరి.

మరి మూడు, నాలుగు, ఐదు తరగతులు? ఇంట్లో టార్చిలైటు విప్పదీసేది ఆ వయసులోనే. బొమ్మకారు పగలగొట్టి లోపలి చిన్న మోటారు పీకేది, రేడియో వెనక మూత తీసి తన్నులు తినేది కూడా అప్పుడే. సరిగ్గా ఆ మూడేళ్లు మాత్రం వాళ్ల చేతికి పుస్తకం, పెన్సిలు తప్ప మరొకటి రాదు. పరిసరాల విజ్ఞానం పాఠంలో బ్యాటరీ బొమ్మ ఉంటుంది. దాని కింద ప్రశ్నలు ఉంటాయి. జవాబులు బోర్డు మీద ఉంటాయి, పిల్లలు ఎక్కించుకుంటారు. ఆరో తరగతికి హైస్కూలుకు పోయాక ల్యాబులోకి తీసుకుపోయి ‘కనిపెట్టండి’ అంటే, అప్పటికి వాళ్లకు అలవాటైంది వస్తువుకు దూరంగా చేతులు కట్టుకుని నిలబడటం.

సామాన్లు అసలు రాలేదని నేను అనను. మన ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. గణితం కిట్లు, సైన్సు కిట్లు వేర్వేరు సంవత్సరాల్లో వచ్చాయి. నేను చూసిన ఒక బడిలో (ఊరి పేరు రాయను, ఆ సారు మంచివారు, ఆయనకు ఇబ్బంది వద్దు) అయస్కాంతాలు, కటకాలు, త్రాసు ఉన్న పెట్టె బీరువాలో ఉంది. సీలు తీయలేదు. ఎందుకు సార్ అంటే ఆయన దాచకుండా చెప్పారు: ‘పిల్లలకిస్తే ఒక కటకం పగులుతుంది, ఒక అయస్కాంతం జేబులో పోతుంది. రేపు స్టాక్ రిజిస్టర్ చూసేవాళ్లకు నేనేం చెప్పాలి? నా బదిలీ అప్పుడు చార్జి అప్పగించాలంటే లెక్క సరిపోవద్దా?’

ఆయన మాటలో తప్పు నాకు కనిపించలేదు. వస్తువు వాడకుండా పదేళ్లు ఉంచితే ఎవరూ అడగరు. వాడి పాడుచేస్తే సంజాయిషీ రాయాలి. ఈ పద్ధతిలో ఏ ఉపాధ్యాయుడైనా తాళమే వేస్తాడు. టీవీకి గుడ్డ కప్పేదీ, పెట్టెకు సీలు తీయనిదీ సోమరితనంతో అనుకోవద్దు. అది భయం. ఆ భయం పైనుంచి వచ్చింది, పైవాళ్లు తీస్తేనే పోతుంది.

అందుకే నా కోరిక ఇది. ప్రాథమిక పాఠశాలలో చేతితో చేసే పనులకు ఇచ్చిన వస్తువుల్ని ‘వాడితే అయిపోయేవి’గా లెక్కగట్టండి. సుద్దముక్క అరిగిపోతే ఎవరూ అడగరు కదా, అట్లా. ఏడాది చివర ప్రధానోపాధ్యాయుడు ఒక సంతకంతో కొట్టేయగలగాలి. విరిగింది, పోయింది, కాలింది అని కారణం రాయనక్కర్లేదు. ఇది మీ జిల్లా స్థాయిలో తేలేది కాకపోతే పైకి రాయండి. రాసి, ఆ ప్రతిని బడి కమిటీలకూ పంపండి. మేమూ సంతకాలు పెట్టి వెనకే పంపుతాం.

మా షాపులో పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రవాడు మొదటి ఏడాది కనీసం ఒక మోటారు కాలుస్తాడు. చుట్లు తప్పు లెక్కపెడతాడు, లేదా తీగ కూర్చునే గాడిలో కాగితం సరిగ్గా పరవడు. కరెంటు ఇవ్వగానే పొగ వస్తుంది. ఆ రాగి తీగ ఖర్చు నాదే. దాన్ని నష్టం కింద రాసుకుంటే ఈ జిల్లాలో ఇంకో మెకానిక్ తయారు కాడు. వెయ్యి అడుగుల లోతు బోర్లలో మోటార్లు నడిచే జిల్లా ఇది. ఇక్కడ వైండింగ్ షాపు లేని మండల కేంద్రం నేను చూడలేదు. కానీ మా పిల్లలకు మోటారు ఎట్లా తిరుగుతుందో బడిలో చెప్పేది హైస్కూలుకు పోయాకే, అదీ బొమ్మ గీసి.

నాలుగో తరగతికే చెప్పవచ్చు. మిక్సీలకు, ఫ్యాన్లకు వాడే ఎనామిల్ వైరు (పైన పూత ఉన్న రాగి తీగ) ముక్కలు మా షాపులో రోజూ మిగులుతాయి. ఒక మీటరు ముక్క, ఒక పొడుగు ఇనుప మేకు, ఒక టార్చి సెల్లు తీసుకుంటే చాలు. తీగ రెండు కొసల్లో పూతను ఉప్పుకాగితంతో గీకాలి. ఇక్కడే మొదటి పాఠం వచ్చేస్తుంది, ఎందుకంటే గీకని పిల్లవాడి మేకు దేన్నీ పట్టుకోదు. ‘నాది పనిచేయలేదు’ అని ఏడుపు మొహం పెడతాడు. ‘పక్కవాడిది ఎందుకు పనిచేసింది, చూడు’ అంటే చాలు. ఇక ఇరవై చుట్లు చుట్టి గుండుసూదుల దగ్గర పెడితే ఎన్ని లేస్తాయి, నలభై చుడితే ఎన్ని, అరవై అయితే ఎన్ని అని పలక మీద రాసుకోమనాలి. లెక్క తప్పితే సూదుల సంఖ్య తప్పుతుంది కాబట్టి ఎవరూ చెప్పకుండానే జాగ్రత్తగా లెక్కపెడతారు. మా పాప తన స్నేహితురాళ్లతో మా షాపు అరుగు మీద ఇదే చేసినప్పుడు, ఒక పిల్ల మేకు బదులు పెన్సిలుకు చుట్టి చూసింది. సూదులు లేవలేదు. ‘ఇనుము ఉంటేనే పట్టుకుంటాంది మామా’ అంది. ఆ ఆలోచన నేను చెప్పింది కాదు, పుస్తకంలోదీ కాదు.

ప్రమాదం మాటేమిటని మీరు అడగాలి, అడగడం మీ బాధ్యత. ఈ పనుల్లో గోడ ప్లగ్గు దగ్గరికి పోయేది ఒక్కటీ ఉండకూడదు. ఒకటిన్నర వోల్టు సెల్లు దాటకూడదు. సెల్లుకు తీగ కలిపి అట్లే పట్టుకుంటే వేడెక్కుతుంది, కాబట్టి నాలుగైదు సెకన్లకు వదిలేయాలి. బటన్ సెల్లులు చిన్నపిల్లలు మింగే ప్రమాదం ఉంది, అవి బడిలోకి రానే కూడదు. ఇట్లాంటివి సర్క్యులర్‌లోనే నాలుగు వాక్యాల్లో రాసిపెట్టొచ్చు. టీచర్లకు అదొక ధైర్యం.

నీడల సంగతి ఇంకా బాగుంటుంది, దానికి సెల్లు కూడా అక్కర్లేదు. మన అనంతపురానికి ఏడాదిలో రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన వస్తాడు. ఏప్రిల్ చివర్లో ఒకసారి, అప్పుడు బడులకు సెలవులు. ఆగస్టు 12, 13 తేదీల ప్రాంతంలో రెండోసారి, అప్పుడు బడులు ఉంటాయి, పైగా జెండా పండుగ రిహార్సళ్లకు పిల్లలంతా మైదానంలోనే ఉంటారు. నిలువుగా పాతిన కర్రకు ఆ మధ్యాహ్నం నీడ మాయమైపోతుంది. అదీ గడియారం పన్నెండు కొట్టినప్పుడు కాదు, 12 గంటల 20 నిమిషాలు దాటాక. మన గడియారాలన్నీ కాకినాడ దగ్గరగా పోయే రేఖాంశం సమయానికి నడుస్తాయి, మనం దానికి పడమటగా ఉన్నాం గనక సూర్యుడు మన దగ్గరికి ఆలస్యంగా వస్తాడు. కర్నూలులో ఈ రోజు మూడు నాలుగు రోజుల ముందే వస్తుంది, కడపలో దాదాపు మనతో పాటే.

ఇంకో సంగతి. జూన్, జులై నెలల్లో మన ఊళ్లో నడిమధ్యాహ్నం నీడ దక్షిణం వైపు పడుతుంది. ఆగస్టు రెండో వారం దాటితే ఉత్తరానికి తిరుగుతుంది. ఇది నేను చెబితే డిగ్రీ చదివినవాళ్లు కూడా నమ్మలేదు. ఐదో తరగతి పిల్లలు బడి తెరిచిన వారం నుంచి ప్రతి శనివారం ఒక సుద్దగీత గీస్తూ వస్తే, ఎవరి మాటా నమ్మే పని లేదు. మబ్బు పట్టిందా, ఆ వారం గీత ఉండదు. ‘ఈ వారం కనబడలేదు’ అని రాయాలి. సైన్సులో అదీ నేర్చుకోవాల్సిందే.

నీడలంటే మనకు ఇంకొకటి ఉంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కుటుంబాలు ఉన్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఊరు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది, కానీ జిల్లా గీత మన పిల్లల్ని ఆపనక్కర్లేదు. మేకతోలును గీకి గీకి వెలుతురు దాటేంత పలచగా చేస్తారు, రంగులు వేస్తారు, మోచేతికీ భుజానికీ కీళ్లు కుడతారు. తెరకు ఆనిస్తే బొమ్మ గీత గీసినట్టు కనబడుతుంది. వెనక్కు లాగితే పెద్దదై మసకబారుతుంది. వెలుతురు గురించి ఐదో తరగతిలో చెప్పగలిగింది చాలావరకు ఆ తెర దగ్గరే ఉంది. కీళ్లు బొమ్మకు ఎక్కడ పెడితే చెయ్యి నిజంగా లేస్తుందో చూడటం యంత్రం గురించిన మొదటి పాఠం. కథ చెప్పడం, పాట పాడటం, గొంతు మార్చడం సరేసరి. బడిలో తోలు అక్కర్లేదు. అట్టముక్క, నూనె పూసిన కాగితం, పాత పంచె, ఒక టార్చిలైటు సరిపోతాయి. సైన్సు వేరు, బొమ్మలు వేరు, టెక్నాలజీ వేరు అని పీరియడ్లు విడదీసింది పెద్దవాళ్లం. తెర వెనక కూర్చున్న పిల్లలకు ఆ తేడా లేదు.

ఇప్పుడు కోడింగ్ అని ఒక టెన్షన్ మొదలైంది. ప్రైవేటు బడుల బోర్డుల మీద ‘మూడో తరగతి నుంచే కోడింగ్, రోబోటిక్స్’ అని రాస్తున్నారు. మా వీధిలో ఒకాయన అందుకే కొడుకును అక్కడికి మార్చాడు. వాళ్లతో పోటీపడి మనమూ ట్యాబులు కొనాలని మీకు ఒత్తిడి వస్తుందని నాకు తెలుసు. కొనే ముందు ఒక్కసారి ధర్మవరం చీరల జాకార్డు మగ్గం కింద నిలబడి పైకి చూడండి. చిల్లులు పొడిచిన అట్టలు దండలా వేలాడుతుంటాయి. చిల్లు ఉన్నచోట ఆ పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక్కో అట్ట ఒక్కో వరుసకు ఆజ్ఞ. ఈ పద్ధతిని 1804లో ఫ్రాన్సులో జాకార్డ్ అనే ఆయన తెచ్చాడు. ఇంగ్లండులో బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఆ అట్టల ఆలోచననే తీసుకున్నాడు. కంప్యూటరు పుట్టుక కథలో అదొక ముఖ్యమైన మజిలీ. ఇప్పుడు కొన్ని మగ్గాలకు ఎలక్ట్రానిక్ జాకార్డులు కూడా వచ్చాయి.

ఇదే పద్ధతిని బడిలో ఆటగా ఆడించవచ్చు. గళ్ల నోటుపుస్తకంలో మూడో తరగతి పిల్ల నెమలి బొమ్మ వేయాలి, గడి నింపితే ఒకటి, వదిలేస్తే సున్నా. ఒక్కో వరుస బయటికి చదవాలి. గది అవతల కూర్చున్న ఇంకో పిల్ల బొమ్మ చూడకుండా, విన్నది విన్నట్టు గడులు నింపాలి. చివర నెమలి వస్తే సరే. మెడ పక్కకు వంగి వస్తే ఎక్కడ తప్పు పోయిందో ఇద్దరూ కూర్చుని వరుస వరుసా వెతకాలి. కోడింగ్ చేసేవాళ్లు పగలంతా చేసే పని ఇదేనట, మా మేనల్లుడు బెంగళూరులో అదే ఉద్యోగంలో ఉన్నాడు. ట్యాబు ఉంటే మంచిదే, ఆ తర్వాత ఇవ్వండి. నేత కుటుంబాల పిల్లలు ఉన్న బడుల్లో అయితే పాఠం చెప్పడానికి వాళ్ల నాన్నే వస్తాడు.

వర్షం కొలిచే పని గురించి ఎక్కువ రాయను, మీకు తెలిసిందే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దాపుల్లో కురిసే జిల్లాలో ప్రతి బడికీ ఒక కొలసీసా ఉండాలి. అడుగు నుంచి పైదాకా ఒకే వెడల్పు ఉన్న సీసా, పక్కన ఒక స్కేలు. యాభై చదరపు మీటర్ల బడి కప్పు మీద ఒక్క మిల్లీమీటరు పడితే యాభై లీటర్లు. మిగతా గుణకారం ఐదో తరగతివాళ్లు చేస్తారు. చెనక్కాయ విత్తడానికి పదును అయిందా లేదా అని ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ఆ పిల్ల కూడా ఒక అంకె చెబుతుంది. వజ్రకరూరు వైపు బడుల్లో తొలకరికి పిల్లలు వజ్రాల ఆశతో రాళ్లు ఏరుకొస్తారు ఎలాగూ. ఏ రాయి దేన్ని గీకుతుందో చూడమనండి. గాజును గీకినంత మాత్రాన వజ్రం కాదని, మామూలు పలుగురాయి కూడా గాజును గీకుతుందని చిన్నప్పుడే తెలిస్తే పెద్దయ్యాక మోసపోరు.

సైన్సు ప్రదర్శనల మీద నా అభిప్రాయం కాస్త కటువుగా ఉంటుంది, మన్నించండి. ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినోత్సవం రాగానే థర్మాకోల్ షీట్లు, రంగు నీళ్లు, వంటసోడాతో పొంగే అగ్నిపర్వతం. ప్రాథమిక తరగతుల్లో ఆ నమూనాల్లో సగానికి పైగా తల్లిదండ్రులే చేస్తారు, కొన్ని ఫ్యాన్సీ షాపులో తయారుగా దొరుకుతాయి. పిల్ల పక్కన నిలబడి బట్టీపట్టిన నాలుగు ఇంగ్లీషు వాక్యాలు చెబుతుంది. బహుమతి ఎవరి నమూనా నున్నగా ఉందో వాళ్లకు. ఐదో తరగతి లోపు పిల్లలకు ఈ పోటీలు, బహుమతులు తీసేయండి. ఆ రోజు బడిలో పిల్లలు అక్కడికక్కడే చేసింది మాత్రమే బల్లమీద ఉండాలి. వంకరగా ఉన్నా సరే, పనిచేయకపోయినా సరే. ఎందుకు పనిచేయలేదో పిల్ల చెప్పగలిగితే నాకు అదే చాలు.

టీచర్ల మీద ఇంకో బరువు వేస్తున్నానా అంటే, వేయొద్దనే నా మాట. తరగతికి ఒక టీచరు ఉన్న బడులు కొన్నే. చాలా ఊళ్లలో ఐదు తరగతులకు ఒకరో ఇద్దరో. హాజరు, మధ్యాహ్న భోజనం, ఇంకా ఎన్నో వాళ్లు ఫోనులో ఎక్కిస్తూనే ఉన్నారు. కాబట్టి ఈ పనికి యాప్ పెట్టకండి. ఫోటో అడగకండి. ఫోటో అడిగిన రోజు నుంచి పని ఫోటో కోసమే జరుగుతుంది. శనివారాన్ని ఎలాగూ నో బ్యాగ్ డే (పుస్తకాల సంచి లేని రోజు) అన్నారు, అందులో మధ్యాహ్నం పూట రెండు గంటల సేపు దీనికి వదిలేయండి. ఏం చేయాలో బడే తేల్చుకుంటుంది. ఒకరిద్దరు టీచర్లున్న బడులకు ఇది ఇంకా తేలిక, మూడు నాలుగు ఐదు కలిపి కూర్చోబెట్టినా ఈ పనుల్లో నష్టం లేదు. పెద్దపిల్ల చిన్నదానికి చూపిస్తుంది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో వేర్వేరు వయసుల పిల్లల్ని ఒకే గదిలో కార్డుల సాయంతో చదివించే పద్ధతి ఏళ్ల క్రితమే నడిపి చూపించారు. మన ప్రాంతంలో పుట్టిన పద్ధతే అది.

డబ్బు విషయం. ముప్పై మంది లోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష కింద ఏడాదికి 10,000, ముప్పై ఒకటి నుంచి వంద మంది ఉంటే 25,000 రూపాయల కాంపోజిట్ గ్రాంటు (బడి నిర్వహణ ఖర్చులకు ఇచ్చేది) లెక్క. అందులో పదోవంతు శుభ్రతకు పోతుంది. మిగిలింది సుద్దముక్కలకు, రిజిస్టర్లకు, కరెంటుకు, చిల్లర మరమ్మతులకు. దాన్నుంచి 2,000 రూపాయలు మూడు, నాలుగు, ఐదు తరగతుల చేతిపనికి అని పక్కన పెట్టమని చెప్పండి. బిల్లు అడగండి, సరే. కానీ ‘జీఎస్టీ బిల్లే కావాలి’ అంటే మాత్రం వంద రూపాయల మేకులు, సెల్లుల కోసం టీచరు టౌనుకు పోవాల్సి వస్తుంది. ఊరి కిరాణా కొట్టు చీటీ ఒప్పుకోండి. ఈ సామాను జూన్‌లో చేతిలో ఉంటే పిల్లలకు, మార్చిలో వస్తే బీరువాకు.

సామాన్లలో సగం కొననక్కర్లేదు కూడా. వైండింగ్ షాపుల్లో తీగ ముక్కలు, పాత స్పీకర్ల నుంచి అయస్కాంతాలు, వడ్రంగి దగ్గర చెక్కముక్కలు, టైలరు దగ్గర పీలికలు, సైకిలు షాపులో పాత బేరింగులు. మా దగ్గరికి పిల్లలు వచ్చి అడిగితే లేదనేవాళ్లం ఎవరం లేం. అయితే మేం బడిలోకి రావాలంటే ఒక చిక్కు ఉంది. బయటివాళ్లను తరగతిలో కూర్చోబెట్టారని ఎవరైనా ఫిర్యాదు చేస్తే ప్రధానోపాధ్యాయుడు ఇబ్బంది పడతారు. బడి కమిటీ తీర్మానం ఉంటే, టీచరు గదిలోనే ఉంటే, ఊరి పనివాళ్లు శనివారం వచ్చి చూపించవచ్చని అదే సర్క్యులర్‌లో ఒక వాక్యం చేర్చండి. ఆడవాళ్లను మరిచిపోకండి. మగ్గం, కుట్టుమిషను, తీరైన ముగ్గు చుక్కల లెక్క, ఇవన్నీ తెలిసినవాళ్లు వాళ్లే.

సర్క్యులర్ ఆగస్టు లోపు వస్తే ఈ ఏడాదే నీడ మాయమయ్యే రోజును పిల్లలు చూస్తారు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో వాళ్లకు మేకు, తీగ పని ఒకసారి చేసి చూపించమంటే, మా మండలం వరకు తీగ, ఉప్పుకాగితం నేను తెస్తాను. సెల్లులు మాత్రం మీరు కొనండి.

ఇట్లు,
ఒక మోటార్ వైండింగ్ మెకానిక్,
ప్రాథమిక పాఠశాల తల్లిదండ్రుల కమిటీ సభ్యుడు,
అనంతపురం జిల్లా